కొరుకుడు మాస్టారి ముందు పళ్ళు

పళ్ళ డాక్టరమ్మ మాస్టారి నోట్లోకి దీపం తిప్పి చూసింది. పై వరసలో ముందున్న రెండు పళ్ళనీ వేలితో అటూ ఇటూ కదిపి, మూతికి కట్టుకున్న మాస్కు వెనక నుంచి ఏదో అంది. మాస్కు కదలడం కనిపించింది తప్ప మాట మాస్టారికి చేరలేదు. ఆయన అలవాటు ప్రకారం తల ఊపేశారు.

"తల ఊపేస్తున్నారేంటండీ, విషయం తెలియకుండా!" అంటూ ఆయన భార్య కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "రెండూ తీసెయ్యాలంట. లోపల చీము పట్టిందంట. ఇవ్వాళే తీసేస్తానంటోంది."

"వద్దు" అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ మళ్ళీ ఏదో అంది. భార్య నవ్వాపుకుంటూ అందించింది. "ఏం కొరుకుతున్నారు, ఇనప గుగ్గిళ్ళా అని అడుగుతోంది. పళ్ళు ఇలా కుదుళ్ళతో సహా కదిలిపోవడం ఆవిడెప్పుడూ చూళ్ళేదంట."

"వద్దంటే వద్దు. మందు రాసిమ్మను."

బుగ్గ వాచిపోయి ఓ కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. అయినా సరే మనిషి కుర్చీలోంచి లేచి చెప్పులేసేసుకున్నారు. మొండితనం పోటీలు పెడితే కప్పులన్నీ ఈయన ఇంట్లోనే ఉండేవి.

వీధిలోకి వచ్చాక ఆవిడ దులిపేసింది. "పసిపిల్లలు నయం కదండీ! ఈ వయసులో సూదికి భయమేంటి? పళ్ళు పోతే కట్టుడు పళ్ళు పెట్టుకుంటారు. లోకంలో ఎవరూ పెట్టుకోనట్టు! మీవేమన్నా బంగారప్పళ్ళా?"

ఆయన ఏం చెబుతారు? ఆ రెండు పళ్ళే తన చెవులని పెళ్ళానికి ఏ నోటితో చెబుతారు?

అవును, చెవులే. మాస్టారికి ఎడమ చెవి పోయి చాలా ఏళ్ళయింది. కుడి చెవి ఆ మధ్య దాకా ఎలాగో లాక్కొచ్చి, అదీ చేతులెత్తేసింది. ఇప్పుడు లోకంలో మాటలన్నీ గోడ అవతలి మాటలే ఆయనకు. కానీ ఓ చిన్న చెక్కముక్క తీసుకుని, ఒక కొస గిటారు ఒంటి మీద కొమ్ములా పొడుచుకొచ్చిన అంచుకి ఆనించి, రెండో కొస ముందు పళ్ళ మధ్య బిగించి తీగ మీటితే మాత్రం, అబ్బ! నాదం ఎముకల్లోంచి తిన్నగా తలలోకి ఎక్కేస్తుంది. కుర్రతనంలో ఎలా వినపడేదో అలాగే వినపడుతుంది. దవడ పళ్ళు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలిన ఆధారమంతా ఆ రెండు పళ్ళే.

మాస్టారి పని ఎలక్ట్రిక్ గిటార్లు బాగు చెయ్యడం, మార్చిపెట్టడం. ఒకడికి మెడ సన్నం చెయ్యాలి, ఒకడికి తీగల కింద నాదాన్ని పట్టే పికప్పులు తీసేసి వేరేవి బిగించాలి, ఇంకొకడికి స్విచ్చి చెయ్యి తగలని చోటికి జరపాలి. కొట్టు రెండు గదులు. ముందు గదిలో గోడ నిండా గిటార్లు, బల్ల వెనక భార్య. వచ్చిన వాళ్ళతో మాట్లాడడం, గిటారు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం ఆవిడ వంతు. చెక్క అడ్డుగోడ వెనక ఉన్న గది మాస్టారిది. అక్కడ పని బల్ల, టంకం వాసన, ఆకురాళ్ళు, డబ్బాల నిండా మరలు. స్పీకరు గురగురలాడుతుంటే డబ్బా మీద అరచెయ్యి పెట్టి కనిపెట్టేస్తారు. శ్రుతి చూడ్డానికి ముల్లున్న మీటరు ఉంది. కానీ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లున్నాయే, వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా తీగ దానికి తగిలి జుయ్యిమంటుంది. ఆ జుయ్యిని పట్టే మీటరు లేదు. దానికి చెవి కావాలి, లేదంటే పళ్ళు కావాలి.

ఈ విద్యా, ఈ కొట్టూ, ఈ చెవుడూ మూడూ ఆయనకు మేనమామ దగ్గర్నుంచే వచ్చాయి. మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు కదా, అదృష్టం అలా పట్టింది! పళ్ళతో వినడం నేర్పింది కూడా ఆ మేనమామే. పక్కన యంత్రాల రొద ఉన్నప్పుడు పనికొస్తుందిరా అని సరదాగా నేర్పాడు. ఆ సరదా ఆయనకెంత అవసరమో మేనల్లుడికి తర్వాత గానీ తెలియలేదు.

మేనమామకు చెవుడని ఊరికి తెలిసిన రోజు నుంచి ఆయన్ని ఎవరూ తిట్టలేదు, పని బాగాలేదనీ అనలేదు. "పాపం" అన్నారు, అంతే. గిటారు తెచ్చినవాడు ఆయన్ని దాటుకుని వచ్చి మేనల్లుడి చేతిలో పెట్టి, "మీరే చెయ్యండి, పెద్దాయన వద్దు, పాపం" అనేవాడు. చెవిలో పెట్టుకునే మిషను కొన్నారు. గిటార్ల దగ్గరికి రాగానే అది కీచుమని కూసేది. మేనమామ దాన్ని పీకి బల్ల మీదికి గిరాటేసేవాడు. తర్వాత ముందు గదిలో ఓ స్టూలు మీద కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ నవ్వుతూ తల ఊపేవాడు. అలా నవ్వుతూ నవ్వుతూనే పోయాడు. ఆ స్టూలు ఇంకా అక్కడే ఉంది. మాస్టారు దాని మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు.

అందుకే దాచారు. పెదాలు చదవడం నేర్చుకున్నారు. మాట అందకపోతే చెక్క గీకే యంత్రం రొద మీద నెపం వేసేవారు. పళ్ళతో గిటారు పట్టుకోవడం చూసినవాళ్ళు నవ్వి "కొరుకుడు మాస్టారు" అని పేరు పెడితే, పెట్టుకోనీ అనుకున్నారు. పిచ్చోడంటే పని ఇస్తారు, చెవిటోడంటే ఇవ్వరు కదా!

ఇంత జాగ్రత్తగా నెట్టుకొస్తుంటే కొన్నాళ్ళుగా కొత్త శని పట్టింది. చేసి పంపిన గిటార్లు వెనక్కి రావడం మొదలైంది.

భార్య గిటారు పట్టుకుని అడ్డుగోడ దాటి వచ్చేది. వెలుతురులో నిలబడి, "ఏవండీ, ఆ పొడుగాయన మళ్ళీ తెచ్చాడు. అయిదో మెట్టు దగ్గర ఈగ ముసిరినట్టుందంట" అనేది. నాలుగు రోజులు పోయాక ఇంకో గిటారు. "ఆ కాలేజీ అమ్మాయి తెచ్చిందండీ. సన్న తీగ మీద ఈగ మోగుతోందంట." ఇంకోసారి ఇంకొకరు. మాస్టారికి తల కొట్టేసినట్టయ్యేది. ఇన్నేళ్ళలో ఒక్క గిటారు వెనక్కి రాని కొట్టు ఇది! చెక్కముక్క బిగించి, చెప్పిన చోట మీటి చూస్తే నిజంగానే అక్కడేదో ఉండేది. సన్నగా, అందీ అందనట్టు. మొదటిసారి ఎలా తప్పిపోయింది? పళ్ళు కూడా మోసం చేస్తున్నాయా? ఆ భయంతో ఇంకాస్త గట్టిగా కొరికేవారు. గట్టిగా కొరికితే కొంచెం బాగా వినపడేది. మరుసటి గిటారుకి ఇంకా గట్టిగా. చిగుళ్ళు నెత్తురు కారినా ఉమ్మేసి మళ్ళీ కొరికేవారు. అడుగంటిన గిన్నెని గీకినట్టు ఆ రెండు పళ్ళనీ అరగదీశారు. ఇంక కదలక ఏం చేస్తాయి!

ఇప్పుడు బల్ల మీదున్నది గడ్డం ఆయన గిటారు. మీగడ రంగుది, అంచులన్నీ అరిగి చెక్క బయటపడ్డది. ఆయన హోటల్లో బృందంతో వాయిస్తాడు. ఒక్కటే గిటారు. కొత్త పికప్పులు బిగించి, మెట్లన్నీ సమం చెయ్యమన్నాడు. పని అయిందని పంపితే అది ఇప్పటికే రెండుసార్లు వెనక్కి వచ్చిందని భార్య చెప్పింది. బృందంతో కలిసి దూరం వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. ఈసారి కూడా ఈగ మిగిలిందంటే ఆయన ఊరుకోడు, పదిమందికీ చెబుతాడు. ఆ పదిమంది నోళ్ళలోంచి "పాపం" వస్తుంది. డాక్టరమ్మ దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన మాస్టారు, మాత్ర మింగి తిన్నగా ఆ గిటారు ముందే కూర్చున్నారు.

"పడుకోండి కాసేపు" అంది భార్య.

"ఇది అయ్యాక."

చెక్కముక్క పెట్టుకున్నారు. పళ్ళు బిగించగానే కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. మీటారు. మొదటి తీగ, మొదటి మెట్టు, రెండో మెట్టు. బాగుంది. ఆరో మెట్టు బాగుంది. ఏడో మెట్టు దగ్గరికొచ్చేసరికి ఏదో ఉన్నట్టు అనిపించింది. ఉందా? జ్వరమా? ఇంకొంచెం బిగించారు. ఉన్నట్టే ఉంది. దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్క గిటారుకీ వినపడనీ అని మనసులో దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా దవడల్లోకి తెచ్చి కొరికారు.

ఏదో విరిగింది. అది మాత్రం ఆయనకు స్పష్టంగా వినిపించింది.

మీగడ రంగు చెక్క మీద ఎర్రగా చుక్కలు పడ్డాయి. వాటి మధ్య ఒక పన్ను. మాస్టారు ముందు చేతిగుడ్డతో గిటారు తుడిచారు. తర్వాత నోరు తుడుచుకున్నారు. గిటారు పక్కకి ఒరిగి బల్లకి తగిలిన చప్పుడుకి భార్య పరుగెత్తుకొచ్చింది. ఆవిడ అరిచిందో, ఏడ్చిందో, ఆయన పెదాల వైపు చూడలేదు. మొండి పిల్లాడి మీద కేకలేసినట్టు ఆయన మీద చేతులూపి, జబ్బ పట్టుకుని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఈసారి ఆయన వద్దనలేదు. ఒకటి పోయాక రెండోది ఎందుకు! విరిగిన పంటి వేళ్ళూ, చీమూ, ఆ రెండో పన్నూ అన్నీ తీసిపారేసి దూది కుక్కి పంపింది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున వాపు తగ్గింది. మాస్టారు పని బల్ల దగ్గర కూర్చుని, భార్య ముందు గది ఊడుస్తున్నప్పుడు, దూది తీసేసి చెక్కముక్కని పచ్చి పుండుగా ఉన్న చిగుళ్ళకి ఆనించారు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీటారు. ఏమీ లేదు. కింది పళ్ళకీ, గడ్డానికీ ఆనించి మీటారు. లావు తీగ దుమ్ముదుమ్ముమని తెలిసింది, సన్న తీగ లేనే లేదు. నుదురు ఆనించారు. మోత ఉంది, మాట లేదు. ఆ చెక్కముక్క మీద తన పళ్ళ గాట్లు చూస్తూ కూర్చున్నారు. ఇంక ఆ స్టూలే గతి అనిపించింది. బతికుండగానే తనని దండేసి గోడకి తగిలించేసినట్టు అనిపించి ఆయనకి చచ్చేంత భయం వేసింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే తన ఏడుపు తనకే వినపడలేదు.

అప్పుడే ముందు గదిలో గడ్డం ఆయన నిలబడి ఉండడం అడ్డుగోడ సందులోంచి కనిపించింది. భార్య చేతులు తిప్పుతూ ఏదో సర్దిచెబుతోంది. మాస్టారికి ఒక్కసారిగా తెగింపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ్ని ముందు పెట్టి తాను వెనక దాక్కున్నది చాలు. తప్పు తనది, తిట్లు తనే తినాలి. గిటారు పట్టుకుని బయటికి వచ్చారు.

"ఏమనుకోకండి బాబూ" అన్నారు. ముందు పళ్ళు లేని నోట్లోంచి మాట కంటే గాలి ఎక్కువ వస్తోంది. "రెండుసార్లు తిప్పించాను మిమ్మల్ని. ఆ ఈగ ఇంకా పోయిందో లేదో నేను చెప్పలేను."

గడ్డం ఆయన ముఖం చిట్లించాడు. మీసాల కింద పెదాలు కదిలాయి. మాస్టారికి ఒక్క ముక్కా అందలేదు. "కాస్త నిదానంగా చెప్పండి" అన్నారు. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని ఆ మాట అడిగారు.

గడ్డం ఆయన మీసం పక్కకి నెట్టుకుని, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "రెండుసార్లేంటి మాస్టారూ? నేనెప్పుడు పట్టుకెళ్ళాను, ఎప్పుడు తెచ్చాను? ఇచ్చి వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే ఉన్నాను. అమ్మగారు రేపు రండి, రేపు రండి అని తిప్పుతుంటే తిరుగుతున్నా."

"మరి ఈగ?"

"ఏ ఈగ?"

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ బల్ల మీద లేని దుమ్ము తుడుస్తోంది.

పొడుగాయన ఈగ అన్నాడు. కాలేజీ అమ్మాయి ఈగ అంది. తెచ్చినవాళ్ళందరూ ఈగే అన్నారు. గిటారు వాయించేవాళ్ళు బజ్ అంటారు, కొడుతోందంటారు, కొరుకుతోందంటారు. ఇన్నేళ్ళలో ఒక్క మనిషైనా ఈగ అనగా చూశారా ఆయన? అది వంటింట్లో మాట. ఆ మాట ఎవరిదో ఇంతకాలం తట్టకపోవడానికి బుర్ర కూడా పళ్ళతో పాటే కదిలిపోయిందేమో!

"సాయంత్రం రండి బాబూ" అంది భార్య. "ఒట్టు, ఈసారి ఇచ్చేస్తాం." గడ్డం ఆయన వెళ్ళేదాకా ఆగి తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరూ వెనక్కి తేలేదు కదూ?" అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయనకి ఎదురుగా, వెలుతురులోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ అక్కడే ఎందుకు నిలబడుతుందో ఆయనకి ఆ క్షణంలో అర్థమైంది.

"తేలేదు. నేనే" అంది. "మీ వెనక గిన్నె కింద పడితే మీరు తిరిగి చూళ్ళేదు. ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచీ మీరు చేసిన ప్రతి గిటారూ ఇచ్చేముందు నేను మీటి చూస్తున్నా, మీరు చేసినట్టే, ఒక్కో మెట్టూ. మొదట్లో ఏది పాటో ఏది ఈగో తెలిసి చచ్చేది కాదు. తర్వాత తెలిసింది. ఈగ ఉంటే మీ దగ్గరికి తెచ్చేదాన్ని."

"నాకు చెప్పొచ్చు కదే!"

"ఏమని చెప్పను? మీకు చెవుడండీ అనా? మీ మావయ్యని అందరూ పాపం అన్నారు. ఆ మాట నా నోటంట కూడా రావాలా? మీరు దాచుకున్నారు, సరే, దాచుకోనీ అనుకున్నా. తప్పు పట్టింది గిటార్లు ఇచ్చినవాళ్ళేనని చెప్పేశా. ఎవరికి నష్టం అనుకున్నా."

మాస్టారు జేబులోంచి చెక్కముక్క తీసి బల్ల మీద పెట్టారు.

"నేను దీంతో వింటానే" అన్నారు. "పళ్ళతో. నాకున్నవి అవే. నువ్వు ఈగ అన్నప్పుడల్లా నా పని చెడిపోతోందని, నా పళ్ళు కూడా పోతున్నాయని ఇంకాస్త గట్టిగా కొరికాను. అన్నప్పుడల్లా."

ఆవిడ చెక్కముక్క చేతిలోకి తీసుకుంది. రెండు వైపులా లోతుగా దిగిన గాట్లు వేలితో తడిమింది. "మావయ్య అలవాటు మీకూ వచ్చిందనుకున్నా" అంది. "సరదాకి కొరుకుతున్నారనుకున్నానండీ. అందరితో పాటు నేనూ నవ్వాను." చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే గోడకి జారగిలబడిపోయింది.

మాస్టారికి కోపం వచ్చింది. అరవాలనిపించింది. నీ జాలే నా చెవులు పీకేసింది కదే అని కడిగెయ్యాలనిపించింది. కానీ తాను దాచకపోతే ఆవిడ దాచేదా? ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుతూ ఇంత దూరం తెచ్చుకున్నారు. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆయన ఆ స్టూలు లాగారు. దాని మీద ఆవిణ్ణి కూర్చోబెట్టారు. తాను నిలబడి, గిటారు బల్ల మీద పడుకోబెట్టి, ఏడో మెట్టు నొక్కి మీటారు. ఆయనకు వేలి కింద సన్నటి వణుకు తప్ప ఏమీ తెలియలేదు. ఆవిడ ముఖం వైపు చూశారు.

"ఉందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "లేదండీ. బాగుంది."

"నుదురు ముడేశావు."

"లేదు."

"అబద్ధం. పాపం అనుకుంటున్నావు కదూ నన్ను?"

"అయ్యో, కాదండీ!" అంది ఆవిడ. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. "ఉందని ఇంకెలా అననండీ? ఉందని అనీ అనీ కదా మీ పళ్ళు..."

మాస్టారు మళ్ళీ మీటారు. ఆవిడ ముఖం మీంచి కళ్ళు తియ్యలేదు.

"అనకపోతే నాకెవరు చెబుతారు?" అన్నారు. గొంతు పెద్దదైపోయిందో, వణికిందో ఆయనకి తెలియలేదు. "అను. ఉందా?"

"ఈగ" అంది ఆవిడ.

"ఎక్కడ?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వంగి, మెట్టు మీద వేలు పెట్టి చూపించింది. మాస్టారు ఆకురాయి అందుకున్నారు.